ఐండ్‌హోవెన్‌లో కొత్త కాపురం: కారు ముందా, సైకిల్ ముందా?

మీ ప్రశ్న చదివాను. మీవారికి ఫెల్డ్‌హోవెన్‌లో ఉద్యోగం, ఇల్లు ఐండ్‌హోవెన్‌లో, ఆరేళ్ల బాబు, పదేళ్ల పాప. ఏప్రిల్‌లో విజయవాడ నుంచి మీ అత్తగారూ మామగారూ వస్తున్నారు. నెదర్లాండ్స్‌కు వచ్చిన నెలలోనే కారు కొనేయాలా, బస్సులను నమ్ముకోవచ్చా, బడి రోజుల తర్వాత ముట్టుకోని సైకిల్‌ను ఇప్పుడు మళ్లీ తొక్కగలనా అని అడిగారు. సూటిగా చెబుతాను: ముందు సైకిల్ కొనండి, ఆ వారంలోనే బస్సూ రైలూ అలవాటు చేసుకోండి, కారు సంగతి ఒక చలికాలం గడిచాక ఆలోచించండి. డబ్బు మిగులుతుందని మాత్రమే ఈ మాట అనడం లేదు. ఈ దేశపు రోడ్లను సైకిల్ మీద నేర్చుకున్నవాళ్లు రేపు స్టీరింగ్ పట్టినా ఎటు చూడాలో తెలిసి నడుపుతారు. నేరుగా కారు ఎక్కినవాళ్లకు సైకిళ్లు ఏ వైపు నుంచి వస్తాయో, ఎందుకు ఆగకుండా వెళ్లిపోతాయో అర్థం కావడానికి చాలాకాలం పడుతుంది. ఇక్కడ ఏళ్ల తరబడి ఉంటూ, కొత్తగా వచ్చిన మన కుటుంబాలను దగ్గరుండి చూస్తూ ఏర్పరచుకున్న అభిప్రాయం ఇది.

ఈ దేశంలో మనుషులు కోటీ ఎనభై లక్షల మంది, సైకిళ్లు రెండు కోట్ల పైచిలుకు. మొదటి నుంచీ ఇలాగే ఉండేదనుకోకండి. 1960ల్లో ఈ ఊళ్లూ కార్లతో నిండిపోయాయి, కాలువలు పూడ్చి రోడ్లు వేశారు. 1971లో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. అప్పుడు తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ‘పిల్లల హత్యలు ఆపండి’ అనే పేరుతోనే ఉద్యమం నడిపారు. 1973లో చమురు కొరత వచ్చి ఆదివారాలు కార్లు బయటికి తీయవద్దన్నారు. ఆ రెండూ కలిసి ప్రభుత్వాన్ని కదిలించాయి. మీ పిల్లలు రేపు బడికి వెళ్లబోయే ఎర్ర తారు దారి అలా కొట్లాడి సాధించుకున్నది. అందుకే ఇక్కడివాళ్లు దాని మీద హక్కును అంత గట్టిగా పట్టుకుంటారు. ఆ దారి మీద నిలబడి ఫోను చూసుకుంటున్న మనిషి కనిపిస్తే గంట కొట్టి మరీ తప్పుకోమంటారు. అది మొరటుతనం అనుకుని నొచ్చుకోకండి.

సైకిల్ కొనేటప్పుడు మీరు చూడవలసిన మొదటి విషయం బ్రేకు. పెడల్‌ను వెనక్కి తొక్కితే బ్రేకు పడే సైకిళ్లు ఇక్కడ చాలా మామూలు, చవక కూడా. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెడల్‌ను వెనక్కి తిప్పి కాలికి అనువైన ఎత్తుకు తెచ్చుకోవడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఈ రకం సైకిల్ మీద అలా తిప్పబోతే వెనక చక్రం బిగుసుకుపోతుంది, వెనక వచ్చేవాళ్లు మీ మీద పడతారు. చాలాకాలం తర్వాత తొక్కుతున్నారు కాబట్టి చేతి బ్రేకులు, మూడు గేర్లు ఉన్నది తీసుకోండి. ఇక్కడి మనుషులు పొడగరులు, ఫ్రేములూ అలాగే ఉంటాయి. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు కాళ్ల మునివేళ్లు నేలకు ఆనాలి. అలా ఆనకపోతే దుకాణదారు ఎంత మెచ్చుకున్నా ఆ సైకిల్ వద్దు. చుడీదార్ వేసుకునేవాళ్లు వెనక చక్రానికి రెండు పక్కలా గుడ్డ లేదా ప్లాస్టిక్ కవచం ఉన్నదీ, గొలుసు పూర్తిగా మూసి ఉన్నదీ చూసుకోవాలి. చున్నీ చక్రంలో పడటం ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కర్లేదు. కవచం ఉన్నా సరే, చున్నీని నడుముకు ముడివేసుకున్నాకే ఎక్కండి.

తాళాలు రెండు కావాలి. ఒకటి వెనక చక్రానికి బిగించి ఉండే గుండ్రటి తాళం, రెండోది బరువైన గొలుసు. ఆ గొలుసును కదలని ఇనుప కడ్డీకి కట్టాలి. పాత సైకిల్ కొంటే ఫ్రేము నంబరును పోలీసుల స్టాప్‌హేలింగ్ సైట్‌లో కొట్టి చూడండి. దొంగ సొత్తు అని తెలిసే వీలుండీ కొన్నవాళ్ల మీద కూడా ఇక్కడ కేసు పెడతారు. ఈ తలనొప్పులేవీ వద్దనుకుంటే నెలవారీ అద్దెకు స్వాప్‌ఫీత్స్ వాళ్ల సైకిల్ తీసుకోవచ్చు. ముందు టైరు నీలంగా ఉంటుంది, ఊరంతా కనిపిస్తుంది. చెడిపోతే బాగుచేసే బాధ్యత వాళ్లదే. మొదటి ఆరు నెలలకు అది మంచి ఏర్పాటు.

ధైర్యం రావడానికి ఆదివారం ఉదయం ఏదైనా బడి ముందున్న ఖాళీ స్థలంలో సాధన చేయండి. ఒక చెయ్యి వదిలి పది గజాలు తిన్నగా వెళ్లగలగాలి, ఎందుకంటే మలుపుకు ముందు చెయ్యి చాపి చూపించాలి. భుజం మీదుగా వెనక్కి చూసినా సైకిల్ వంకర పోకూడదు. ఈ రెండూ వచ్చాకే రోడ్డెక్కండి. పెద్దవాళ్లకు, ముఖ్యంగా వేరే దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్లకు, సైకిల్ నేర్పే తరగతులు చాలా ఊళ్లలో నడుస్తాయి. మునిసిపాలిటీలోనో గ్రంథాలయంలోనో అడిగితే చెబుతారు. వెళ్లడానికి మొహమాటపడకండి.

ఇక అసలు విషయం కూడళ్లు. ఇక్కడ ప్రమాదం వేగం వల్ల కంటే ‘ఎవరు ముందు’ అన్నది తెలియకపోవడం వల్లే వస్తుంది. రోడ్డు మీద తెల్లటి త్రిభుజాల వరుస ఉండి, వాటి మొనలు మీ వైపు చూస్తుంటే మీరు ఆగి అవతలివాళ్లకు దారి ఇవ్వాలి. త్రిభుజాలూ సిగ్నలూ బోర్డూ ఏమీ లేని కూడలిలో మీ కుడివైపు నుంచి వచ్చేవారిది ముందు హక్కు. 2001 మే నుంచి ఈ నియమం సైకిళ్లకూ సమానంగా వర్తిస్తుంది. అంటే కుడి సందులోంచి సైకిల్ మీద వస్తున్న పాప కోసం మీ కారు ఆగాలి. అదే పాప కాలిబాటను దాటుకుని ప్రధాన రోడ్డు మీదకు దిగుతుంటే, అంటే ఆ సందు చివర కాలిబాట తెగకుండా అడ్డంగా సాగుతుంటే, అప్పుడు ఆ పాపే అందరికోసం ఆగాలి. రెండు సందులూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి, నేల మీది ఇటుకల వరుస చూసే తేడా పట్టాలి. రౌండ్‌అబౌట్ల సంగతి చూస్తే, ఊరి లోపల సాధారణంగా సైకిల్‌దే ముందు, ఊరి బయట సాధారణంగా కారుదే ముందు. అక్కడా త్రిభుజాలే చెబుతాయి. కొన్ని సైకిల్ దారులు రెండు వైపులా నడుస్తాయి కాబట్టి కారులో కుడికి తిరిగేటప్పుడు ఎదురు దిశ నుంచి కూడా సైకిల్ రావచ్చు.

పిల్లలతో వెళ్లేటప్పుడు ఇద్దరు పక్కపక్కన తొక్కడానికి చట్టం ఒప్పుకుంటుంది. బాబును కుడిపక్క ఉంచి మీరు ఎడమపక్క, అంటే వాహనాలున్న వైపు, ఉండండి. లారీ కుడి పక్కన ఎన్నడూ ఆగవద్దని ఇద్దరికీ పదే పదే చెప్పండి. అద్దంలో కనిపించని చోటు అది. డ్రైవరు కుడికి తిరిగితే చక్రం కిందకే. సిగ్నల్ దగ్గర లారీ ఉంటే దాని వెనకే నిలబడాలి. మీ పాప రెండేళ్లలో బడిలో ట్రాఫిక్ పరీక్ష రాస్తుంది, చాలా బళ్లలో సైకిల్ మీద వీధుల్లో తిప్పి కూడా పరీక్షిస్తారు. తను నేర్చుకున్నది మీకు చెబుతుంది, వినండి. సైకిల్‌కు హెల్మెట్ తప్పనిసరి కాదు, ఇక్కడివాళ్లు పెట్టుకోరు. నా మాట వింటే పిల్లలకు పెట్టండి. చీకటి పడితే ముందు తెల్ల లేదా పసుపు దీపం, వెనక ఎర్ర దీపం చట్టప్రకారం ఉండాలి. చేతిలో ఫోను పట్టుకుని తొక్కడం 2019 జూలై నుంచి నేరం, జరిమానా ఇప్పుడు 150 యూరోలకు పైనే. ఇంకొకటి: కారూ సైకిలూ ఢీకొంటే చట్టం మొగ్గు సైకిల్ వైపే. సైకిల్ మీద ఉన్నది పద్నాలుగేళ్ల లోపు పిల్లలైతే దాదాపు అన్ని సందర్భాల్లోనూ మొత్తం నష్టం కారు యజమాని బీమాయే భరించాలి. అలాగని మీ సైకిల్ ఎదుటివారి కారుకు గీత పెడితే ఊరుకోరు. ఇంటిల్లిపాదికీ వ్యక్తిగత బాధ్యత బీమా ఒకటి తీసుకోండి, నెలకు కొద్దిపాటి ఖర్చే.

మీ ఊళ్లో ఇవన్నీ చూడటానికి మంచి చోటు హోవెన్‌రింగ్. ఐండ్‌హోవెన్, ఫెల్డ్‌హోవెన్ మధ్య కూడలి మీద గాలిలో వేలాడే సైకిళ్ల రౌండ్‌అబౌట్ అది. 70 మీటర్ల స్తంభం, దాని నుంచి 24 ఉక్కు తాళ్లు, కింద కార్లు, పైన కేవలం సైకిళ్లూ పాదచారులూ. 2012లో తెరిచారు. మీవారు ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లే దారి దాని మీదుగా పడేలా ఉంటే అదృష్టమే. వర్షం గురించి భయపడకండి. రాబోయే రెండు గంటల్లో ఏ నిమిషాన ఎంత పడుతుందో బ్యూయెన్‌రాడార్ అనే వాన యాప్ చూపిస్తుంది, పావుగంట ఆగితే చాలాసార్లు వాన వెళ్లిపోతుంది. నిజమైన శత్రువు ఎదురుగాలి. నవంబరులో ఐదు కిలోమీటర్లు ఎదురుగాలిలో తొక్కి ఆఫీసుకు చేరితే చెమటలు పడతాయి. ఆ రోజు బస్సెక్కడంలో తప్పేమీ లేదు.

బస్సులను నిశ్చింతగా నమ్మవచ్చు. ఐండ్‌హోవెన్‌లో ముఖ్యమైన మార్గాల్లో బస్సులకు వేరే దారి ఉంది, కార్ల రద్దీలో ఇరుక్కోవు. స్టాపులో నిలబడి బస్సు కనబడగానే చెయ్యి ఎత్తండి, లేకపోతే మీరు వేరే బస్సు కోసం చూస్తున్నారనుకుని వెళ్లిపోవచ్చు. ముందు తలుపు నుంచి ఎక్కి యంత్రానికి కార్డు చూపించాలి, దిగేటప్పుడు మళ్లీ చూపించాలి. డబ్బులు తీసుకోరు. టికెట్ ధర ఎక్కినందుకు ఒక మొత్తం, ఆపైన కిలోమీటరు లెక్కన ఉంటుంది. దిగిన 35 నిమిషాల్లోపు ఇంకో బస్సెక్కితే ఆ ఎక్కిన మొత్తం మళ్లీ పడదు. దిగేటప్పుడు కార్డు చూపించడం మరిచిపోతే ఎక్కువ సొమ్ము కోస్తారు, కానీ తర్వాత ఆన్‌లైన్‌లో సరిచేసుకునే వీలుంది.

2023 నుంచి దేశమంతటా బస్సు, ట్రామ్, మెట్రో, రైలు అన్నిటికీ మామూలు బ్యాంకు కార్డునే యంత్రానికి చూపించవచ్చు. మీ అత్తమామలకు ఇది పెద్ద సౌకర్యం. అయితే మూడు విషయాలు. మనిషికొక కార్డు ఉండాలి, ఒకే కార్డును ఇద్దరికీ చూపించలేరు. ఎక్కేటప్పుడు ప్లాస్టిక్ కార్డు, దిగేటప్పుడు అదే కార్డున్న ఫోను చూపిస్తే యంత్రం వాటిని రెండు వేరే కార్డులుగా లెక్కేస్తుంది, రెండిటి మీదా ఎక్కువ సొమ్ము కోస్తారు. భారత్ నుంచి తెచ్చే వీసా లేదా మాస్టర్‌కార్డు మీద విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ అక్కడ ఉండగానే తెరిపించుకోవాలి. ఏ దారిలో ఎలా వెళ్లాలన్నది 9292 యాప్ చెబుతుంది, దేశంలోని అన్ని సంస్థల బస్సులూ రైళ్లూ అందులో ఉంటాయి. మరీ చిన్న పల్లెలకు ఎనిమిది సీట్ల పల్లె బస్సులు తిరుగుతాయి, వాటిని నడిపేది జీతం లేని స్వచ్ఛంద సేవకులు, ఎక్కువగా పదవీ విరమణ చేసిన పెద్దలు. ఒకసారి ఎక్కి చూడండి, ఊరి కబుర్లన్నీ వినబడతాయి.

రైలు గురించి క్లుప్తంగా చెబుతాను. ఐండ్‌హోవెన్ నుంచి ఉట్రెక్ట్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్‌కు తరచుగా ఇంటర్‌సిటీ రైళ్లు ఉన్నాయి. పనిదినాల్లో ఉదయం 6.30 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 6.30 రద్దీ వేళలు. ఎన్‌ఎస్ అనే రైల్వే సంస్థ వాళ్ల దాల్ ఫోర్‌డేల్ చందా తీసుకుంటే మిగతా వేళల్లో 40 శాతం తగ్గింపు, మీతో వచ్చే ముగ్గురికి కూడా అదే తగ్గింపు. అత్తమామలు ఉన్న నెలలోనే ఆ చందా సొమ్ము తిరిగి వచ్చేస్తుంది. మామూలు సైకిల్‌ను రద్దీ వేళల్లో రైలెక్కించనివ్వరు (జూలై, ఆగస్టు మినహా), మిగతా వేళల్లో దానికి వేరే టికెట్ కావాలి. మడతపెట్టే సైకిల్‌కు టికెట్ అక్కర్లేదు. అందుకే ఇక్కడివాళ్లు ఇంటి నుంచి స్టేషన్‌కు ఒక సైకిల్ వాడి, దిగిన ఊళ్లో స్టేషన్ దగ్గరే పసుపూ నీలమూ రంగుల ఓవీ-ఫీత్స్ అద్దెకు తీసుకుంటారు. ఒక చందా మీద రెండు తీసుకోవచ్చు, రోజుకు ఒక్కొక్కదానికి సుమారు 5 యూరోలు. ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే నిలయం ఉంది, సైకిల్ తొక్కుకుంటూనే మూడు అంతస్తులూ తిరగవచ్చు. పిల్లలకు భలే ఇష్టం.

కారు సంగతి. కొనేముందు ఖర్చు మొత్తం రాసుకోండి: బీమా, బరువును బట్టీ ఇంధనాన్ని బట్టీ పడే రోడ్డు పన్ను, వాహన తనిఖీ, ఇంటి ముందు పార్కింగ్ అనుమతి. వారానికి ఒకసారి భారతీయ సరుకులకూ నెలకొకసారి ఊరు వెళ్లడానికీ అయితే గ్రీన్‌వీల్స్, మైవీల్స్ లాంటి ఉమ్మడి కార్లో, వారాంతపు అద్దె కారో చాలు. కారు తప్పనిసరి అయ్యే ఇళ్లూ ఉన్నాయి. రాత్రి షిఫ్టులు, నడవలేని పెద్దవాళ్లు, బస్సు అందని పల్లెలో ఇల్లు. మీకు ఈ మూడూ లేవు.

నడిపితే మాత్రం ఇవి గుర్తుంచుకోండి. హైవేల మీద ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకు సాధారణంగా 100 కిలోమీటర్లే, 2020 మార్చి నుంచి. కొద్ది చోట్ల 130 అని బోర్డు ఉంటుంది. ఊళ్లలో 50 లేదా 30. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2023 డిసెంబరు నుంచి చాలా వీధుల్లో 30. రెండు కెమెరాల మధ్య సగటు వేగం లెక్కగట్టే చోట్లు ఉన్నాయి కాబట్టి కెమెరా కనబడగానే బ్రేకు వేసే కిటుకు ఇక్కడ పనికిరాదు. లేన్ మీద ఎర్ర గుణకార గుర్తు వెలిగితే ఆ లేన్ మూసినట్టే. కుడికి తిరిగే ముందు అద్దం చాలదు, కుడి భుజం మీదుగా తల తిప్పి చూడాలి, నేరుగా వెళ్లే సైకిల్‌కే ముందు హక్కు. ఆపిన కారు తలుపును దానికి దూరంగా ఉన్న చేత్తో తెరవండి, ఒళ్లు దానంతట అదే వెనక్కి తిరిగి వచ్చే సైకిల్ కనిపిస్తుంది. పిల్లలకూ అదే నేర్పండి. పార్కింగ్ యంత్రంలో కారు నంబరు కొట్టాలి, చీటీ రాదు. నీలి గీత ఉన్న చోట వచ్చిన సమయం చూపే అట్ట చక్రం అద్దం లోపల పెట్టాలి. రోటర్‌డామ్ దగ్గర ఏ24 రోడ్డు సొరంగానికి టోల్ గేటు ఉండదు, 72 గంటల్లోపు ఆన్‌లైన్‌లో కట్టాలి. ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డుకు కారు తీసుకెళ్లకండి, ఊరి అంచున పీ ప్లస్ ఆర్ అనే పార్కింగ్ స్థలంలో ఆపి ట్రామ్ ఎక్కండి. ట్రామ్‌లో ఎక్కి దిగినట్టు నమోదైతేనే పార్కింగ్‌కు ఆ చవక ధర వర్తిస్తుంది.

మీవారి లైసెన్సు విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి, కారు కొన్నా కొనకపోయినా. మునిసిపాలిటీలో పేరు నమోదైన రోజు నుంచి 185 రోజులే భారత లైసెన్సు చెల్లుతుంది. ఆ తర్వాత నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే, ప్రమాదం జరిగితే బీమా సంస్థ చేతులెత్తేస్తుంది. మామూలుగా అయితే ఇక్కడ రాత పరీక్షా (ఇంగ్లీషులో రాయవచ్చు), రోడ్డు పరీక్షా రెండూ పాసవ్వాలి, శిక్షణతో కలిపి రెండు మూడు వేల యూరోలు తేలిగ్గా దాటుతుంది. కానీ విదేశాల నుంచి రప్పించిన నిపుణులకిచ్చే 30 శాతం పన్ను రాయితీ మీవారికి ఉంటే పరీక్ష లేకుండానే మార్చి ఇస్తారు, అదే ఇంట్లో ఉండే మీకూ అది వర్తిస్తుంది. లైసెన్సు పొందిన ఏడాదిలో కనీసం 185 రోజులు భారత్‌లో ఉండి ఉండాలి. డ్రైవింగ్ పరీక్షలు నిర్వహించే సీబీఆర్ సంస్థ దగ్గర ఆరోగ్య ధ్రువీకరణ ముందు పూర్తిచేసి, రాయితీ మంజూరు పత్రంతో మునిసిపాలిటీకి వెళ్లాలి. పాత లైసెన్సు వాళ్లు తీసుకుంటారు కాబట్టి రెండు వైపులా స్కాన్ చేసి ఉంచుకోండి. రాయితీ గడువు ముగిశాక ఈ అవకాశం ఉండదు. చాలామంది ‘తర్వాత చూద్దాం’ అనుకుని దీన్ని చేజార్చుకుంటారు, నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

ఏప్రిల్‌లో అత్తమామలను కూకెన్‌హాఫ్ తోటకు తప్పక తీసుకెళ్లండి, మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా తెరిచి ఉంటుంది. సమయం ఎంచుకుని టికెట్ ముందే కొనాలి. సెలవు రోజుల్లో ఆ చుట్టుపక్కల రోడ్ల మీద కార్లు బారులు తీరతాయి, అందుకని లైడెన్ వరకు రైలు, అక్కడి నుంచి 854 బస్సు మేలు. పెద్దవాళ్లు తోటలో తిరుగుతుండగా మీలో ఒకరు పాపను వెంటపెట్టుకుని ద్వారం దగ్గరే సైకిళ్లు అద్దెకు తీసుకుని లిస్సె చుట్టూ పూల పొలాల్లోకి వెళ్లిరండి, అసలు తులిప్ సాగు అక్కడే కనిపిస్తుంది. కిండర్‌డైక్‌లోని 19 గాలిమరలకు రోటర్‌డామ్ నుంచి వాటర్‌బస్ అనే పడవ ఉంది, మామగారికి అది కారు ప్రయాణం కంటే హాయిగా ఉంటుంది. హోఖె వెలువె అడవికి మాత్రం ఒక వారాంతం కారు అద్దెకు తీసుకోండి. ద్వారం దాటాక తెల్ల సైకిళ్లు ఉచితం, పిల్లల సీట్లున్నవీ దొరుకుతాయి. వాన్ గో చిత్రాలున్న క్రోలర్-ముల్లర్ మ్యూజియం ఆ అడవి లోపలే ఉంది.

ఏప్రిల్ 27న, అది ఆదివారమైతే ముందురోజు 26న, రాజుగారి పుట్టినరోజు పండుగ. ఆ రోజు రైళ్లలోకి సైకిళ్లను రానివ్వరు, ఆమ్‌స్టర్‌డామ్ మధ్యలో ట్రామ్‌లూ బస్సులూ తిరగవు, స్టేషన్లు కిక్కిరిసిపోతాయి. పెద్దవాళ్లతో ఆ రోజు దూర ప్రయాణం పెట్టుకోకండి. మీ ఊళ్లోనే పిల్లలు దుప్పట్లు పరుచుకుని పాత బొమ్మలూ పుస్తకాలూ అమ్ముకునే సంత ఉంటుంది, అక్కడికి సైకిళ్ల మీద వెళ్లండి. మీ పాప కూడా ఒక దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు, ఆ రోజు పిల్లలకు అనుమతి పత్రం ఏదీ అక్కర్లేదు.